"అక్కడ ఉంటే తెలిసేది" అనాల్సిన పని లేకుండా విదేశీ ప్రయాణం కబుర్లు చెప్పడం ఎలా?

మీ ప్రశ్న నాకు సరిగ్గా అర్థమైందో లేదో ముందు చూసుకుందాం. మీరు ఇంట్లోవాళ్ళతో ఇటలీ వెళ్ళొచ్చారు. ఫ్లోరెన్స్‌లో ఒక పాత హోటల్లో మీ నాన్నగారు స్నానానికి వెళ్ళారు. కుళాయి మీద "సి" అని ఉంటే చన్నీళ్ళనుకుని తిప్పారు. అక్కడ "సి" అంటే వేడి. నీళ్ళు వేడెక్కిన కొద్దీ, చల్లబడాలని అదే కుళాయిని ఇంకా తిప్పారు. భుజం ఎర్రబడింది, మర్నాటికి తగ్గిపోయింది. మీరంతా రెండు రోజులపాటు తలుచుకుని తలుచుకుని నవ్వుకున్నారు. తిరిగొచ్చి స్నేహితులకు చెబితే మాత్రం ఒక్కరూ నవ్వలేదు, "అయ్యో, ఇప్పుడెలా ఉంది?" అన్నారు. "అక్కడ ఉంటే తెలిసేదిలే" అని మీరు ఊరుకున్నారు. ఇలాంటివి ఎలా చెబితే, ఎలా రాస్తే నవ్వొస్తుందన్నది మీ ప్రశ్న.

నేను టూర్ మేనేజర్‌ని. గ్రూపులను విదేశాలకు తీసుకెళ్ళి జాగ్రత్తగా వెనక్కి తీసుకురావడమే 22 ఏళ్ళుగా నా ఉద్యోగం. బస్సులో నాలుగైదు గంటల ప్రయాణం ఉందంటే మైకు నా చేతిలోనే ఉంటుంది. పాత గ్రూపుల్లో జరిగినవి కొత్త గ్రూపులకు చెప్తూ ఉంటాను. ఒకే కథను ఇరవై ముప్ఫైసార్లు, ప్రతిసారీ కొత్త మనుషులకు చెప్పాను. డ్రైవర్ పక్కన నిలబడి వెనక్కి తిరిగి మాట్లాడతాను కాబట్టి అందరి ముఖాలూ కనబడతాయి. ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఫోన్ తీశారో అప్పటికప్పుడే తెలిసిపోతుంది. ఇక్కడ రాస్తున్నదంతా ఆ ముఖాలు చూసి నేర్చుకున్నదే.

మీ సంఘటనకు ఏ లోటూ లేదండి, అది బంగారం లాంటిది. చెప్పిన వరసలోనే వచ్చింది చిక్కంతా. ముందు కాలిందని చెప్పారు, ఎందుకు కాలిందో తర్వాత చెప్పారు. కాలిందనగానే వినేవాళ్ళ మనసు "ఎంత కాలింది, డాక్టరుకు చూపించారా" అనే వైపు వెళ్ళిపోయింది. ఆ తర్వాత "సి అంటే వేడి" అని ఎంత చెప్పినా అది సంజాయిషీ చెప్పుకున్నట్టే ఉంటుంది. సంజాయిషీ వింటే ఎవరికైనా నవ్వెందుకొస్తుంది? తల ఊపి ఊరుకుంటారు.

నేను పట్టుకున్న కిటుకు ఇదీ: ఆ ఊరి లెక్క వినేవాళ్ళకు ముందే తెలియాలి. కథలో ఎవరో ఒకరికి మాత్రం అది ఇంకా తెలిసి ఉండకూడదు. అప్పుడు వినేవాళ్ళు జరగబోయేది కళ్ళ ముందే కనబడుతుంటే నవ్వు బిగబట్టుకుని కూర్చుంటారు. మీరు ఊరికే జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పోతే చాలు.

తల ఊపడం అన్నాను కదా, నేను ఎక్కువసార్లు చెప్పిన కథ దాని గురించే. మీకు పూర్తిగా చెప్తాను, ఎక్కడ ఏం చేశానో గమనించండి.

బల్గేరియాలో తలను అడ్డంగా ఊపితే అవునని, కిందికీ పైకీ ఊపితే కాదని అర్థం. ఈ ముక్క మొదటే చెప్పేస్తాను. సోఫియాలో మొదటిరోజు పొద్దున, హోటల్ టిఫిన్ హాల్లో మా గ్రూపులోని ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు కూర్చున్నారు. పొద్దున్నే రెండు కప్పుల కాఫీ పడితే గానీ ఆయనకు మాట పెగలదు. నడివయసు ఆవిడ ఒకరు కాఫీ కెటిల్ పట్టుకుని వచ్చి "కఫే?" అన్నారు. మాస్టారు ఎంతో సంతోషంగా తల ఊపారు, కిందికీ పైకీ. ఆవిడ పక్క టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయారు. ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ ఇటు వచ్చి మళ్ళీ "కఫే?" అన్నారు. ఇందాక సరిగ్గా చూసినట్టు లేదని మాస్టారు ఈసారి గట్టిగా, మూడుసార్లు ఊపారు. ఆవిడ కాస్త నొచ్చుకున్నారు. వద్దని ఒకసారి చెబితే చాలదా, అంత గట్టిగా చెప్పాలా అన్నట్టు కెటిల్‌ను ఛాతీకి ఆనించుకుని రెండడుగులు వెనక్కి వేశారు.

ఆ సాయంత్రం నేను మాస్టారికి విషయం విడమరిచి చెప్పాను. ఆయన దేన్నయినా శ్రద్ధగా నేర్చుకునే మనిషి. రాత్రి అద్దం ముందు నిలబడి "అవును" అంటూ తల అడ్డంగా ఊపడం ప్రాక్టీసు చేశారట, ఆయన భార్య తర్వాత చెప్పారు. రెండోరోజు పొద్దున కెటిల్ వచ్చింది. "కఫే?" మాస్టారు మెడ మీద మనసంతా పెట్టి అడ్డంగా ఊపారు. ఆవిడ "సరే" అన్నట్టు నవ్వి వెళ్ళిపోయారు. ఎందుకంటే, ఆ రాత్రే ఆవిడకు కూడా తోటివాళ్ళు చెప్పారు, ఈ వచ్చినవాళ్ళు మనకు వ్యతిరేకంగా ఊపుతారు, చూసుకో అని.

మూడోరోజు ఇద్దరూ ఒకరినొకరు చాలాసేపు చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరి తలా కదల్లేదు. మాస్టారు కప్పును రెండు చేతులతో పట్టుకుని, మెడ బిగబట్టి, ముందుకు చాచారు. ఆవిడ కూడా మెడ కదపకుండా అంచు దాకా పోశారు. అప్పుడు నవ్వారు ఇద్దరూ. మిగిలిన టేబుళ్ళ వాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఈ కథకు బస్సులో నవ్వు ఎక్కడ మొదలవుతుందో తెలుసా? ఆవిడ కాఫీ పోయకుండా వెళ్ళిపోయిన చోట అనుకుంటారు ఎవరైనా. కాదు, అంతకుముందే. ఆవిడ "కఫే?" అని అడిగీ అడగకముందే వెనక సీట్లలోంచి నవ్వు వినబడుతుంది. మాస్టారి మెడ ఏం చేయబోతోందో వాళ్ళకు ముందే తెలుసు కదా. తల ఊపే లెక్కను చివర్లో చెప్పి కూడా చూశాను, రెండు మూడు ట్రిప్పుల్లో. "ఓహో, అలాగా" అన్నారు. అంతే.

ఆ గ్రూపుతోనే సోఫియా నుంచి గ్రీసుకు వెళ్ళాం. అక్కడి థెస్సలోనికి నగరం సుమారు 300 కిలోమీటర్లు. ఇక్కడ ఇంకో లెక్క వినండి. బల్గేరియన్‌లో "నె" అంటే కాదు. గ్రీకులో "నె" అంటే అవును. రాయడానికి వేరే లిపి, వేరే అక్షరాలు. చెవికి మాత్రం దాదాపు ఒకే మాట. నాలుగు రోజులపాటు సోఫియాలో, ప్లోవ్‌దివ్‌లో, రీలా మఠం దగ్గర "నె" అంటే కాదని మావాళ్ళ చెవులకు బాగా పట్టింది. సరిహద్దు దాటాక ఈ మార్పు మైకులో చెప్పాను గానీ, భోజనం అయిన వేళ, మాస్టారితో సహా సగం మంది నిద్రపోతున్నారు.

హోటల్ దగ్గర దిగాం. నేను పాస్‌పోర్టులన్నీ పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. సామాను మోసే ఒక పెద్దాయన మావాళ్ళ దగ్గరికి వచ్చారు. ఆయనకు ఇంగ్లీషు నాలుగు మాటలకు మించి రాదు. మాస్టారు "రూం రెడీ?" అని అడిగారు. పెద్దాయన చాలా ఉత్సాహంగా "నె, నె!" అంటూ పెట్టె వైపు చెయ్యి చాచారు. "ఇంకా రెడీ కాలేదట, అందరూ కూర్చోండి" అని మాస్టారు ప్రకటించి, తన పెట్టె మీద తనే కూర్చున్నారు. పాపం, పెద్దాయన రెండో పెట్టె దగ్గరికి వెళ్ళి "నె" అన్నారు. రెండో ఆయన కూడా కూర్చున్నారు. మూడో పెట్టె దగ్గరా అదే జరిగింది. నేను పని ముగించుకుని వెనక్కి తిరిగేసరికి లాబీలో పదహారు పెట్టెల మీద పదహారు మంది వరసగా కూర్చుని ఉన్నారు. పెద్దాయన మాస్టారి పెట్టె పిడి పట్టుకుని "నె, నె, నె" అంటూ లిఫ్టు వైపు లాగుతున్నారు. పెట్టెకు చక్రాలున్నాయి. మాస్టారు దాని మీద కూర్చునే మెల్లగా కదిలిపోతున్నారు, రెండు చేతులూ గాల్లో పెట్టి "నో రెడీ, నో రెడీ" అంటున్నారు.

ఈ రెండో కథను మొదటి కథ చెప్పకుండా విడిగా చెప్తే సగమే పండుతుంది. నాలుగు రోజులు కష్టపడి నేర్చుకున్నది సరిహద్దు దాటగానే తలకిందులైందన్న సంగతి వినేవాళ్ళ మనసులో ఉండాలి. కాబట్టి ప్రయాణంలో జరిగినవి విడివిడి ముక్కలుగా కాకుండా, ఒకదాని కింద ఇంకొకటి ఆధారంగా ఉన్నాయేమో చూసుకోండి. మీ ఇటలీ ప్రయాణంలో కూడా ఆ కుళాయికి ముందో వెనకో ఇంకో అక్షరం, ఇంకో మాట ఎక్కడో తగిలే ఉంటుంది. పది రోజుల ప్రయాణంలో ఒక్కసారే తికమకపడిన కుటుంబాన్ని నేనింతవరకు చూడలేదు.

లెక్క తెలియని మనిషి ఎప్పుడూ మనవైపే ఉండాలని లేదు. ఒకసారి టోక్యో నుంచి హొనొలులు వెళ్ళే ట్రిప్పులో మా గ్రూపులో ఒకావిడ అరవయ్యో పుట్టినరోజు వచ్చింది. టోక్యోలో మధ్యాహ్నం కేక్ కోయించి ఘనంగా చేశాం. రాత్రి తొమ్మిదికి విమానం. ఏడు గంటల ప్రయాణం. మధ్యలో అంతర్జాతీయ దినరేఖను, అంటే పసిఫిక్ సముద్రం మీద తేదీ మారే గీతను, దాటతాం కాబట్టి, హొనొలులులో దిగేసరికి అదే తేదీ పొద్దున తొమ్మిదయింది. హోటల్ కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఆవిడ పాస్‌పోర్టు చూసి ముఖమంతా నవ్వుతో "హ్యాపీ బర్త్‌డే!" అంది. ఆవిడ కూడా నవ్వి, "థాంక్స్ అమ్మా, అయిపోయింది, నిన్న చేసుకున్నాను" అన్నారు. ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. పాస్‌పోర్టు మళ్ళీ చూసింది, గోడ మీద క్యాలెండర్ చూసింది, కంప్యూటర్‌లో తేదీ చూసింది, చివరికి ఫోటోనూ ఆవిడ ముఖాన్నీ పోల్చి చూసింది. వేరేవాళ్ళ పాస్‌పోర్టేమో అనుకుంది పాపం. ఇక్కడ వినేవాళ్ళకు తెలుసు, ఆవిడకు తెలుసు, నాకు తెలుసు. తెలియనిది కౌంటర్‌లో అమ్మాయికొక్కదానికే. అయినా కథ పండింది. ఎవరో ఒకరికి తెలియకుండా ఉంటే చాలన్నది ఇందుకే.

దినరేఖ కథలు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. లెక్క పొడుగైతే వినేవాళ్ళు లెక్కలోనే ఉండిపోతారు. "రాత్రి తొమ్మిదికి ఎక్కాం, అదే రోజు పొద్దున తొమ్మిదికి దిగాం" అంటే చాలు. 19 గంటల తేడా, దాంట్లోంచి ఏడు తీసేసి అని మొదలుపెట్టారా, ఇక అంతే. ఇంకా కావాలంటే ఒక దేశం సంగతి చెప్పండి, వెంటనే పట్టుబడుతుంది: సమోవా 2011లో దినరేఖకు అటువైపు నుంచి ఇటువైపు మారింది. ఎక్కువ వ్యాపారం చేసే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో ఒకే రోజులో ఉండాలని. అందుకని ఆ ఏడాది డిసెంబర్ 29 గురువారం తర్వాత నేరుగా 31 శనివారం వచ్చింది. డిసెంబర్ 30న పుట్టినవాళ్ళకు అక్కడ ఆ ఏడు పుట్టినరోజే రాలేదు. అంతకు 119 ఏళ్ళ ముందు, 1892లో, రెండోవైపుకు మారినప్పుడు జూలై 4 రెండుసార్లు వచ్చింది. మా గ్రూపులో ఆవిడ పుట్టినరోజు కథ చెప్పే ముందు ఈ సమోవా సంగతి చెప్తే వినేవాళ్ళకు దినరేఖ గురించి వేరే పాఠం అక్కర్లేదు.

లెక్క బరువై నేను పాడుచేసుకున్న కథ ఒకటుంది. మ్యూనిక్‌లో మా డ్రైవర్ రేపు పొద్దున "హాల్ప్ ఆఖ్ట్" కి బస్సు అన్నాడు. మాటకు మాట చూస్తే "సగం ఎనిమిది". మావాళ్ళు ఎనిమిదిన్నర అనుకున్నారు. జర్మన్‌లో అది ఏడున్నర. ఏడు అయిపోయి, ఎనిమిదో గంటలో సగం దాకా వచ్చామని వాళ్ళ లెక్క. ఆ మనిషి గంటసేపు ఖాళీ బస్సులో కూర్చున్నాడు. ఇంత చిన్న కథకు నేను జర్మన్‌లో పావు ఎలా చెప్తారు, ముప్పావు ఎలా చెప్తారు అని అన్నీ వివరించేవాణ్ణి. ఎవరూ నవ్వేవారు కాదు. ఇప్పుడు "సగం ఎనిమిది అంటే అక్కడ ఏడున్నర" అని ఒక్క ముక్కలో చెప్పి, ఖాళీ బస్సు దగ్గరికి వెళ్ళిపోతాను.

వరస సరిపోయాక కావాల్సింది ఒక వస్తువు. ఇది చాలామంది వదిలేస్తారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ అనుకుని కెనడాలోని సిడ్నీకి టికెట్ కొనుక్కున్నవాళ్ళ సంగతి మీరు వినే ఉంటారు. కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రంలో ఆ పేరుతో ఒక చిన్న పట్టణం ఉంది. 2002లో ఒక బ్రిటిష్ జంట అక్కడ దిగారు, 2017లో నెదర్లాండ్స్ విద్యార్థి ఒకడు దిగాడు, అప్పట్లో పత్రికల్లో కూడా వచ్చింది. ఈ కథను "టికెట్ తప్పు కొన్నాడట" అని చెబితే ఒక వార్త, అంతే. ఆ కుర్రాడు టొరంటోలో విమానం మారబోతూ ఎదురుగా ఉన్న విమానాన్ని చూశాడు. అది చాలా చిన్నది. ఇది ఆస్ట్రేలియా దాకా వెళ్తుందా అని అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది. కథంతా ఆ చిన్న విమానంలోనే ఉంది. మాస్టారి కథలో పెట్టె చక్రాలు, పుట్టినరోజు కథలో గోడ మీద క్యాలెండర్ లాంటిదే అది కూడా. ఆ వస్తువు దొరికిందాకా నేను ఏ కథనూ మైకులో చెప్పను.

అది దొరకాలంటే ఆ రాత్రే రాసి పెట్టుకోవాలి. ఫోటోలు ఇందుకు పనికిరావు, ఎందుకంటే నవ్వొచ్చే క్షణంలో ఫోటో ఎవరూ తియ్యరు. నా దగ్గర జేబులో పట్టే నోట్‌బుక్కులు పెట్టెడు ఉన్నాయి. థెస్సలోనికి రోజు పేజీలో ఇంతే ఉంది: "నె - మాస్టారు - 16 పెట్టెలు - చక్రాలు - చేతులు గాల్లో - నో రెడీ." పన్నెండు ఏళ్ళయింది, ఈ ఆరు ముక్కలు చూస్తే ఆ లాబీలో నేల పాలరాయి చప్పుడుతో సహా గుర్తొస్తుంది. ఎవరు ఏ మాట అన్నారో ఆ మాటనే రాసుకోండి, మీ మాటల్లోకి మార్చకండి. "ఇంకా సిద్ధం కాలేదని ఆయన అన్నారు" అని రాసుకుని ఉంటే "నో రెడీ" ఎప్పుడో పోయేది.

ఇంకో మాట, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. అక్కడివాళ్ళను తక్కువ చేసి చెప్పకండి. మా బస్సులోనే ఒకాయన మైకు తీసుకుని "వీళ్ళకు తల ఊపడం కూడా సరిగ్గా రాదు" అని మొదలుపెట్టారు. ఒక్కరూ నవ్వలేదు. అందరూ అప్పటికే ఆ కాఫీ ఆవిడను ఇష్టపడుతున్నారు. ఆవిడ తన లెక్క ప్రకారం తప్పేమీ చేయలేదు, మాస్టారూ చేయలేదు. పైగా మూడురోజుల్లో ఇద్దరూ అవతలివాళ్ళ లెక్క నేర్చుకోవడానికి ఎంత తాపత్రయపడ్డారు! ఒకరినొకరు అంతగా పట్టించుకోవడం వల్లే ఆ తికమక వచ్చింది. నాకు ఈ కథ ఇన్నేళ్ళయినా విసుగు పుట్టకపోవడానికి అదే కారణం. మీ కథలో కూడా హోటల్‌ను తిట్టకండి. ఆ కుళాయి తన పని తను చేసింది.

అలాగే, కథ ఎవరిదో వాళ్ళను అడగండి. మాడ్రిడ్‌లో మా గ్రూపులో ఒకాయనకు మూడురోజులుగా మలబద్ధకం. ఎవరికీ చెప్పుకోలేక ఒక్కరే మందుల షాపుకు వెళ్ళి, ఇంగ్లీషు మాటకు దగ్గరగా ఉందని "కాన్‌స్తిపాదో" అన్నారు. స్పానిష్‌లో దానికి అర్థం జలుబు చేసిందని. షాపావిడ ఎంతో ఆప్యాయంగా ముక్కులో వేసుకునే మందు, గొంతుకు బిళ్ళలు ఇచ్చి, మెడకు స్కార్ఫ్ చుట్టుకోమని సైగ చేసి చూపించారట. ఆయన రెండు రోజులు ఎండలో స్కార్ఫ్ చుట్టుకుని తిరిగారు, పొట్టకూ మెడకూ ఏదో సంబంధం ఉండే ఉంటుందని నమ్మి. మాకెవరికీ తెలియదు. ఆఖరి రాత్రి భోజనాల దగ్గర ఆయనే లేచి చెప్పారు, మొదటి ముక్క "ఇప్పుడు బాగానే ఉంది" అని. మేం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాం. బస్సులో చెప్పుకోవచ్చా అని అడిగితే, పేరు లేకుండా చెప్పుకోమన్నారు. అదే కథను ఆయన కంటే ముందు నేను చెప్పి ఉంటే ఆయన ఆ రాత్రి భోజనానికి కూడా వచ్చేవారు కాదు.

ఆయన మొదటి ముక్క గమనించారా? "ఇప్పుడు బాగానే ఉంది." దెబ్బ తగిలిన కథ ఏదైనా అలాగే మొదలవ్వాలి. వినేవాళ్ళకు టెన్షన్ ఉన్నంతసేపు నవ్వు రాదు.

సామాను పోవడం, విమానం ఆలస్యం కావడం, జపాన్ టాయిలెట్ బటన్లు, వీటి జోలికి పెద్దగా వెళ్ళకండి. ఆ బటన్ల సీటు 1980లో వచ్చింది. అప్పటి నుంచి వెళ్ళినవాళ్ళంతా చెప్తూనే ఉన్నారు, వినేవాళ్ళకు బటన్ నొక్కకముందే నీళ్ళు ఎటు వస్తాయో తెలుసు. మీదగ్గర మాత్రమే ఉన్న వస్తువు ఒకటి దొరికితే తప్ప వద్దు.

ఇక మీ నాన్నగారి కథ. నేనైతే ఇలా చెప్తాను.

"మా నాన్న క్షేమంగా ఉన్నారు, ఇది ముందు చెప్పేస్తున్నా. ఇటాలియన్‌లో వేడిని కాల్దో అంటారు, చల్లనను ఫ్రెద్దో అంటారు. అందుకని అక్కడ పాత కుళాయిల మీద సి అంటే వేడి, ఎఫ్ అంటే చల్లన. ఫ్రాన్స్‌లో, స్పెయిన్‌లో కూడా ఇవే అక్షరాలు. ఫ్లోరెన్స్‌లో మా నాన్న టవల్ భుజాన వేసుకుని బాత్రూంలోకి వెళ్ళారు. అక్కడ రెండు ఇత్తడి కుళాయిలు. ఒకదాని మీద సి."

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నవ్వు ఇక్కడే మొదలవుతుంది, నా మాట నమ్మండి. తర్వాత నీళ్ళు గోరువెచ్చగా రావడం, ఆయన "ఇంకాస్త చల్లగా ఉంటే బావుణ్ణు" అనుకుని సి తిప్పడం, వేడి పెరగడం, ఇంకా తిప్పడం. ఇవి ఒక్కొక్కటీ నెమ్మదిగా, ఒక్కో వాక్యంలో. మీరు బయట గదిలో ఉన్నారు కాబట్టి మీకు వినబడింది చెప్పండి: ఆయన మొదట ఏమన్నారు, తర్వాత ఏమన్నారు, ఎప్పుడు గొంతు పెరిగింది. తలుపు కింద నుంచి ఆవిరి వచ్చిందా? వచ్చి ఉంటే అదే మీ వస్తువు. రాకపోతే కల్పించకండి, ఇంకోటి వెతకండి. ఎర్రబడిన భుజం గురించి చివర్లో ఒక్క మాట చాలు, లేకపోయినా పర్లేదు.

ఇత్తడి కుళాయిలన్నది నా ఊహే, మీరు రాయలేదు. అవి ఎలా ఉన్నాయో మీరే గుర్తు తెచ్చుకోవాలి.

ఇది రాసే ముందు మీ నాన్నగారిని ఒక్కటి అడగండి. మీ ప్రశ్నలో నాకు కనబడనిది అదొక్కటే. సి అంటే చన్నీళ్ళు అనుకున్నారు, సరే. పక్కనే ఎఫ్ అని రెండో కుళాయి ఉంది కదా. అంతసేపూ ఆయన దాన్ని ఎందుకు ముట్టుకోలేదు? ఎఫ్ అంటే ఏమనుకున్నారట?